తెర వెనక తాబేలు

మొన్న జూబ్లీ హిల్స్‌లో మా అమ్మాయి చదివే బడికి తల్లిదండ్రుల సమావేశానికని వెళ్లి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి కంప్యూటర్ గదిలో అడుగుపెట్టగానే ఒక వాసన వచ్చి ముఖానికి కొట్టింది. రాత్రంతా తలుపులు మూసి ఉంచిన ఏసీ గది వాసన, తివాచీలోకి ఇంకిపోయిన పిల్లల సాక్సుల వాసన, వేడెక్కుతున్న ప్లాస్టిక్ వాసన, వీటన్నిటినీ కప్పెయ్యడానికి ఎవరో కొట్టిన మల్లెపూల స్ప్రే వాసన. కంప్యూటర్లు పలకల్లా పలచబడిపోయాయి, తీగలన్నీ గోడల్లోకి వెళ్లిపోయాయి, పిల్లలు తెరల్ని వేలితో తోస్తున్నారు. వాసన మాత్రం ఏమీ మారలేదు. నేను అక్కడే ఆగిపోయాను. వెనక వస్తున్న ఒకావిడ "కొంచెం లోపలికి జరుగుతారా అండీ" అంటే గాని కాలు కదల్లేదు.

ఆ రోజు తేల్చాల్సిన విషయం, మూడో తరగతి పిల్లలకు ఏ భాషలో కోడింగ్ నేర్పాలన్నది. రంగురంగుల ముక్కల్ని ఒకదానికొకటి తగిలించి పిల్లి బొమ్మను నడిపించే స్క్రాచ్ ఒకటి, అక్షరం అక్షరం టైపు చెయ్యాల్సిన పైథాన్ ఒకటి, రెండూ తెర మీద చూపించారు. ముందు వరుసలో ఒకాయన లేచి, "ఏఐ వచ్చేసిన రోజుల్లో ఇంకా ఈ పిల్లి బొమ్మలేంటండీ? బయట ఏది నడుస్తుందో అదే పెట్టండి మావాడికి" అన్నాడు. ఆ మావాడికి ఎనిమిదేళ్లు. చుట్టూ తలలు ఊగాయి. ఇదే మాట, ఇంచుమించు ఇదే ధీమాతో, ఇక్కడికి దగ్గర్లోనే నా చిన్నప్పుడు విన్నాను. ఆ రోజు జరిగింది నేను మర్చిపోలేదు. మర్చిపోమని చెప్పినవాళ్లను కూడా మర్చిపోలేదు.

మేం అప్పట్లో యూసుఫ్‌గూడలో, కృష్ణానగర్ వైపు దిగే సందులో, యాదమ్మ అనే ఆవిడ ఇంటి మేడ మీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న షూటింగులకు లైట్లు మోసే వ్యాను నడిపేవాడు. సగం రోజులు ఊళ్లో ఉండేవాడు కాదు. అమ్మ సినిమాల్లో డబ్బింగ్ చెప్పేది. తెనాలి దగ్గర పల్లెలో, చర్చిలో కీర్తనలు పాడుతూ పెరిగిన గొంతు అది. తెలుగు ముక్క రాని హీరోయిన్లు తెర మీద పెదవులు కదిలిస్తుంటే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి అమ్మ వాళ్లందరి తరఫునా ప్రేమించేది, అలిగేది, శాపనార్థాలు పెట్టేది. చల్లటి నీళ్లు ముట్టేది కాదు. పొద్దున్నే మిరియాలు, పటికబెల్లం నోట్లో వేసుకుని, మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని, పప్పుకు తాలింపు పెడుతూనే ఆ రోజుకు కావలసిన ఏడుపు సాధన చేసేది. ఒకసారి చావు సీను కోసం గట్టిగా కేక పెడితే కింద నుంచి యాదమ్మ రోకలి పట్టుకుని మెట్లెక్కి వచ్చేసింది.

"ఎవడాడు? ఏడున్నడు? జర పక్కకు జరుగు బిడ్డా!"

"ఎవరూ లేరండీ, డబ్బింగు" అని అమ్మ తువ్వాలుతో నోరు కప్పుకుని నవ్వింది.

"గిదేం కొలువే తల్లీ, పానం పోయినట్టు ఒర్లుడు!" అని యాదమ్మ రోకలి భుజాన వేసుకుని దిగిపోయింది.

ఆ సందుల్లో రోజు ఎలా మొదలయ్యేదో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. తెలతెలవారుతుండగానే కూడలిలో జూనియర్ ఆర్టిస్టులు గుంపులుగా నిలబడి బస్సు కోసం చూసేవారు. బుగ్గలకు రంగు వేసుకున్న సైనికులు, జడల్లో కనకాంబరాలు తురుముకున్న పెళ్లి పేరంటాళ్లు, మీసాలు ఇంకా అతికించుకోని యముడు, అందరూ ఒకే బండి దగ్గర చాయ్ ఊదుకుంటూ తాగేవారు. మేడల మీద తీగలకు రాజుల అంగరఖాలు, పోలీసు చొక్కాలు, ఒకే రంగు లంగావోణీలు వరసగా ఆరేవి. సెట్లు కూల్చాక పారేసిన థర్మకోల్ కత్తులతో, విరిగిన సింహాసనం చెయ్యితో మేం ఆడుకునేవాళ్లం. ఎండాకాలం ఫిల్మ్ నగర్ బండల మీదకు ఎక్కితే అరికాళ్లు బొబ్బలెక్కేవి. వానలు వెనకబట్టాక అవే బండల సందుల్లో సీతాఫలాలు కళ్లు విప్పేవి. బోనాలకు ఇంటి ముందు డప్పుల మోత, బతుకమ్మకు గంపల నిండా తంగేడు పూలు, యాదమ్మ చేసే మలీద ముద్దలు, సత్తుపిండి. క్రిస్మస్‌కు మా అమ్మ వండే గులాబీ పువ్వులు, గవ్వలు, కజ్జికాయలు. పళ్లేలు మేడ మీద నుంచి కిందకు, కింద నుంచి మేడ మీదకు తిరుగుతూనే ఉండేవి. మాది క్రైస్తవ కుటుంబమే అయినా యాదమ్మ వాకిట్లో ముగ్గు మాత్రం నేనే వేసేదాన్ని. చుక్కల ముగ్గు కాదు, చుక్కలు పెడితే నాకు లెక్క తప్పేది. ఒక గీత, ఒక మలుపు, మళ్లీ అదే గీత, అదే మలుపు. మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చే ముగ్గు.

మా బడి ఫిల్మ్ నగర్ దిగువన ఉండేది. పైనుంచి కార్లలో నిర్మాతల పిల్లలు దిగేవారు, కింది నుంచి మేం నడిచి ఎక్కేవాళ్లం. ప్రిన్సిపాల్ శేషారత్నం మేడమ్‌ది కృష్ణా జిల్లా. ఎండాకాలంలో కూడా జరీ చీరే కట్టేది. కారు పిల్లల్ని బాబూ, పాపా అని పేరు చేర్చి పిలిచేది, మమ్మల్ని మాత్రం మా అమ్మానాన్నలు చేసే పనిని బట్టి పిలిచేది. నా పేరు ప్రసన్న. ఆ బడిలో చదివినన్నాళ్లూ ఆవిడ నోట ఆ పేరు ఒక్కసారి వినలేదు. "ఆ డబ్బింగావిడ కూతుర్ని రమ్మనండి" అనేది. మిగతావాటి సంగతి తర్వాత. ఆవిడ మీద నాకున్న కోపాల్లో ఇది మొదటిది.

ఒక నిర్మాత తన ఆఫీసులో కొత్త కంప్యూటర్లు కొనుక్కుని పాతవి నాలుగు మా బడికి ఇచ్చాడు. అవి రావడంతోటే బడిలో ఒక గదికి తివాచీ వచ్చింది, ఏసీ వచ్చింది. ఉక్కబోతకు మా తరగతుల్లో చొక్కాలు వీపులకు అంటుకుపోయేవి గాని కంప్యూటర్లకు చల్లగా ఉండేది. చెప్పులు బయట వరసగా విప్పి, చేతులు కడుక్కుని, ప్రసాదానికి వెళ్తున్నట్టు లోపలికి వెళ్లేవాళ్లం. వాటికి కుచ్చుల అంచు కుట్టిన గుడ్డలు కప్పి ఉండేవి. నేర్పడానికి వరంగల్ వైపు నుంచి కరుణాకర్ సారు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబు అంచుకు సుద్దపొడి అంటి ఉండే మనిషి.

మొదటి రోజు ఆయన మమ్మల్ని కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ఆవరణలోకి తీసుకుపోయి నా చేతికి సుద్దముక్క ఇచ్చి, "ఇయ్యాల నువ్వే తాబేలువి. మేం చెప్పింది చేస్తవ్, చెప్పంది చెయ్యవ్" అన్నాడు. పిల్లలు ముందుకు అన్నారు, కుడికి అన్నారు. నేను వంగి సుద్దగీత గీసుకుంటూ నడిచాను. ఎవడో "ఇల్లు వెయ్యవే" అని అరిచాడు. నేను వెయ్యబోతే సారు ఆపాడు.

"తాబేలుకు ఇల్లంటే తెల్వదు. దానికి ముందుకు, ఎనుకకు, కుడి, ఎడమ, గంతే ఎరుక. ఇల్లు ఎట్లుంటదో మీరే జెప్పాలె."

నేను సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏసీలో పెట్టి, గుడ్డ కప్పి, చెప్పులు విప్పి మరీ చూడాల్సిన ఆ యంత్రానికి ఇల్లంటే ఏమిటో తెలియదా! బడిలో అప్పటిదాకా నాకు తెలియనివే అడిగేవారు. నాకు తెలిసి ఎదుటివాళ్లకు తెలియనిది ఒకటి ఉంటుందని, దాన్ని నేనే చెప్పాల్సి ఉంటుందని నాకు ఊహలో కూడా లేదు.

ఆ భాష పేరు లోగో. నల్లటి తెర మధ్యలో చిన్న త్రికోణం, అదే తాబేలు. ఎఫ్‌డి అని కొట్టి ఒక అంకె వేస్తే అంత దూరం గీత గీసుకుంటూ వెళ్తుంది, ఆర్‌టి అని కొట్టి అంకె వేస్తే అంత కోణం కుడికి తిరుగుతుంది. నేను నా ఇల్లు మొదలుపెట్టాను. గోడలు బాగానే వచ్చాయి. పైకప్పు దగ్గరే వచ్చింది తంటా. త్రికోణంలో ఒక్కో కోణం అరవై అని లెక్కల పుస్తకంలో ఉంది కదా అని ప్రతి మూలా అరవై తిరగమన్నాను; కప్పు చాటలా విచ్చుకుని ఆకాశంలో ఉండిపోయింది. సారు తప్పు ఎక్కడో చెప్పలేదు. "నువ్వే నడిచి సూడు" అన్నాడు. బయటకు పోయి నడిచాను. మూల దగ్గరకు వచ్చాక గాని తెలియలేదు, నేను తిరగాల్సింది లోపలి కోణం కాదు, దాదాపు వెనక్కు చూసేంత తిరగాలని. లోపలికి పరుగెత్తి నూట ఇరవై కొట్టాను. కప్పు వచ్చి గోడల మీద కూర్చుంది. తర్వాత నేను ఉద్యోగాల్లో చాలా పెద్ద పనులు పూర్తి చేశాను, వాటిలో ఏదీ ఆ కప్పు కూర్చున్నట్టు కూర్చోలేదు.

మేడమ్‌కు ఆ తాబేలు మొదటి నుంచీ గిట్టలేదు. ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి, "పేరున్న భాషలు బోలెడు ఉన్నాయంట కదండీ, ఈ తాబేలేంటండీ? పేరెంట్స్ నవ్వుతున్నారు" అంది.

"మేడమ్, పిల్లలకు భాష ఎంచుకునేటప్పుడు నేను ఒక్కటే సూస్త" అన్నాడు సారు. "మాటలు తక్కువుండాలె, తప్పు జేస్తే ఏడ తప్పిన్రో కంటికి కనబడాలె. పెద్ద భాషల ఒక్క కామా పోతే తిడ్తది. ఎందుకు తిట్టిందో గీళ్లకు సమజ్ కాదు. గింతంత పిల్లలకు ఇప్పట్నుంచే తిట్లు ఎందుకు మేడమ్?"

మేడమ్ మూతి బిగించి వెళ్లిపోయింది. సారు అన్న ఆ మాట ఇన్నేళ్లలో నేను చూసిన ఏ సిలబస్ కమిటీ కూడా ఇంత సూటిగా చెప్పలేదు.

బడి వార్షికోత్సవానికి ఆ నిర్మాత ముఖ్య అతిథిగా వస్తున్నాడని తెలిసింది. కంప్యూటర్ క్లాసు చూసి నచ్చితే మిగతా తరగతులకు కూడా కంప్యూటర్లు ఇప్పిస్తానన్నాడట. నచ్చకపోతే అమీర్‌పేట వైపు ఎవరో ఇన్‌స్టిట్యూట్ వాళ్లను పెట్టి పెద్ద భాష చెప్పిస్తానన్నాడట. నచ్చితే తాబేలు ఉంటుంది, సారు ఉంటాడు. నచ్చకపోతే రెండూ పోతాయి. బడిలో ఆయాతో సహా అందరికీ ఇది తెలుసు. నేను చూపించాల్సింది కూడా సారు తేల్చేశాడు. యాదమ్మ వాకిట్లో ముగ్గునే తాబేలు చేత వేయించాను. ఒక చదరం గీసి, కాస్త తిరిగి, మళ్లీ చదరం, మళ్లీ కాస్త తిరిగి, అలా పువ్వులా విచ్చుకుని మొదటి గీతకు వచ్చి కలుస్తుంది. దాన్ని సారు మేడమ్‌కు చూపించాడు. మేడమ్ చాలాసేపు చూసింది. "బాగుంది. ఇది ధీరజ్ బాబు చెయ్యాలి" అంది.

ధీరజ్ నా తరగతే, ఆ నిర్మాత చిన్న కొడుకు. వాళ్ల నాన్న తీస్తున్న సినిమాలో హీరోకు చిన్నప్పటి వేషం వేస్తున్నాడని చాలా రోజులుగా బడికి రావడం లేదు. లోగో క్లాసులో ఒకటి రెండుసార్లకు మించి కూర్చోలేదు. అతను ఎలా చేస్తాడు? దానికి మేడమ్ దగ్గర సమాధానం ఉంది. నిర్మాత ఆఫీసు నుంచి వేదిక అలంకరణకు వచ్చిన అసిస్టెంట్ డైరెక్టర్ ఒకతను దాన్ని చిటికెలో ఏర్పాటు చేశాడు. వేదిక మీద సభకు కూడా కనిపించేలా ఓరగా పెట్టిన మానిటర్, దాని ముందు ఒక కీబోర్డు, కీబోర్డు ముందు ధీరజ్. మానిటర్ తీగ, ధీరజ్ వీపు వెనక కట్టిన వేదిక తెర కిందుగా వెనక్కు వస్తుంది. వెనక అసలు యంత్రం, అసలు కీబోర్డు, నేను. అతను ఊరికే నొక్కుతాడు, నేను నిజంగా నొక్కుతాను.

"నేను ముందు కూర్చుంటాను మేడమ్, నాకు వచ్చు" అన్నాను.

"సినిమాలో హీరోయిన్‌కి మీ అమ్మ గొంతివ్వదూ? ఇదీ అంతే" అంది మేడమ్. అందులో తప్పేముందో నిజంగానే ఆవిడకు అర్థం కాలేదు, ఆ గదిలో నిలబడినవాళ్లెవరికీ అర్థం కాలేదు. మా కృష్ణానగర్‌లో ఒకరి ముఖానికి ఇంకొకరి గొంతు, ఒకరి కాళ్లకు ఇంకొకరి నాట్యం, ఒకరి దూకుడుకు ఇంకొకరి విరిగిన ఎముక, ఇవన్నీ రోజూ జరిగేవే. కరుణాకర్ సారు ఒక్కడే "ఇది సదువు మేడమ్, సీను గాదు" అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ మండిపడుతుందని, మర్నాడు బడికి వచ్చి మేడమ్‌ను నాలుగు కడిగేస్తుందని నా నమ్మకం. అమ్మ గవ్వల పిండి చేత్తోనే నా గడ్డం పట్టుకుంది.

"ఏంటే ఆ మొహం? నేనెప్పుడన్నా తెర ముందుకొచ్చానా? నీ చేత చేయించుకుంటున్నారంటే నీకు పనొచ్చనేగా. ఇలా విను. పెదాలు చూసి మాట్లాడితే ఆలస్యమైపోద్ది. ఊపిరి చూడు. భుజం పైకి లేచిందంటే మాట వస్తందన్నమాట."

నేను నివ్వెరపోయి అమ్మ ముఖంలోకే చూశాను. అమ్మ నన్ను ఓదార్చడం లేదు. వృత్తి నేర్పుతోంది.

రిహార్సల్‌కు నేను ముందే వెళ్లి తెర వెనక కూర్చోవాలి; ధీరజ్‌ను డ్రైవర్ తర్వాత తీసుకొచ్చేవాడు. ఏమేం కొట్టాలో రాసిన కాగితం అతని ముందు పెట్టేవారు. తెర చీలికలోంచి అతని వీపు, కుడి భుజం కనిపించేవి. అమ్మ చెప్పినట్టే భుజం చూసి నొక్కాను. అతని వేలు పడటం, మానిటర్ మీద అక్షరం పడటం ఒక్కటైపోయాయి. అసిస్టెంట్ డైరెక్టర్ "సింక్ అదిరింది" అన్నాడు. నాతో అనలేదు. మేడమ్‌తో అన్నాడు.

వార్షికోత్సవం రోజు హాలంతా గులాబ్‌జామూన్ పాకం వాసన, మల్లెపూలు, స్ప్రేలు. నిర్మాత తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. కొబ్బరికాయ కొట్టారు. ఒకాయన క్లాప్ బోర్డు కూడా తెచ్చి కొట్టాడు. ధీరజ్ భుజం లేచింది, నేను మొదలుపెట్టాను. అతని వీపు అడ్డం, నాకు మానిటర్ కనిపించదు. కళ్లు మూసుకుని యాదమ్మ వాకిట్లో నడుస్తున్నాననుకుని కొట్టాను. చివరి గీత కలిసిన క్షణం నాకు చప్పట్లను బట్టి తెలిసింది. అంత పెద్ద చప్పట్లు నా జీవితంలో మళ్లీ ఎప్పుడూ రాలేదు. అప్పుడు కూడా నాకు రాలేదు.

ఫోటోలు తియ్యాలని, బొమ్మ చెరిగిపోతుందేమోనని అసిస్టెంట్ డైరెక్టర్ గబుక్కున నా ఒళ్లోంచి కీబోర్డు లాగేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే నిర్మాత గొంతు వినిపించింది.

"భేష్‌రా చిన్నా! ఏదీ, ఇప్పుడో ఇల్లు వెయ్యి చూద్దాం."

ఇల్లు! నేను చేతులు చాచాను. "అన్నా, కీబోర్డు ఇవ్వన్నా, నాకు ఇల్లు వచ్చన్నా."

"ష్! షాట్ అయిపోయింది పాపా" అన్నాడతను, దాన్ని తల పైకెత్తి పట్టుకుని.

చీలికలోంచి చూస్తున్నాను. ధీరజ్ భుజం లేచింది, దిగింది. వేళ్లు నొక్కాయి. మళ్లీ నొక్కాయి. వెనక నుంచి అతని చెవులు ఎర్రబడటం కనిపించింది. నాకు ఒకటే భయం, తాబేలు పోతుంది, సారు పోతాడు. తెర ఎత్తి బయటకు వచ్చేశాను. "సార్, నేను వేస్తాను" అన్నాను. ప్రదర్శనకని పక్క బల్ల మీద మిగతా కంప్యూటర్లు పెట్టి ఉన్నాయి, ఒకదాంట్లో లోగో తెరిచే ఉంది. నిలబడే కొట్టాను. గోడలు, తలుపు, పైన కప్పు. కప్పు కూర్చుంది. నేను గర్వంగా వెనక్కు తిరిగాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫోటోగ్రాఫర్ "పాపా, కొంచెం ఫ్రేములోంచి పక్కకు జరుగు" అన్నాడు.

నిర్మాత కోప్పడలేదు కూడా. జాలిగా కొడుకు వంక చూసి, మేడమ్ వైపు తిరిగాడు. "ఈ పాపకి ఎవరో ముందే నూరిపోశారండీ. దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మామూలు పిల్లలకి రాదన్నమాట ఇది, మావాణ్ణి చూస్తే తెలుస్తోందిగా. ఇంత కష్టమైనది పిల్లలకెందుకు? బయట ఏది నడుస్తుందో అదే పెట్టించండి."

"సార్, బాబుకు రాక గాదు..." అని కరుణాకర్ సారు ఒకడుగు ముందుకు వేశాడు. అప్పుడు ధీరజ్ తల తిప్పి చూశాడు, కళ్ల నిండా నీళ్లు. సారు ఆ ముఖం చూసి ఆగిపోయాడు. "తప్పకుండా మార్పిస్తాం సార్" అంది మేడమ్.

నాలుగు మాటలున్న భాష కష్టమైనదైపోయింది. దాన్ని పలికినదాన్ని లెక్కలోకి తీసుకోరు, పలకనివాణ్ణి చూసి లెక్క తేల్చారు. చప్పట్లకు నేను ధీరజ్‌నయ్యాను, ఓటమికి నేను నేనయ్యాను.

"ఎందుకు చెప్పలేదు సార్?" అని ఏడుస్తూ అడిగాను, ఆయన గుడ్డలు కప్పుతుంటే.

"గంత మంది ముంగట ఆ పిల్లగాని ఇజ్జత్ తీసుడెందుకు బిడ్డా? సిన్న పోరడు. నువ్వు గూడ ఎవలకూ జెప్పకు."

వార్షికోత్సవం తర్వాత ఇచ్చిన సెలవులు అయ్యాక ఆయన కనిపించలేదు. సి భాష వచ్చింది. బోర్డు మీద ప్రోగ్రాము రాసేవారు, మేం కంఠస్థం చేసేవాళ్లం, డైలాగులు బట్టీ పట్టినట్టు సెమీకోలన్లతో సహా అప్పచెప్పేవాళ్లం. ఒకటి తప్పితే తెర తిట్టేది. ఎందుకు తిట్టిందో చెప్పేవాళ్లు లేరు. కింద నుంచి నడిచి వచ్చే పిల్లల్లో చాలామంది ఆ గదికి రావడం మానేశారు. ధీరజ్‌ను ఎక్కడో హాస్టల్లో వేశారని విన్నాను. ముగ్గు పక్కన అతను నవ్వుతున్న ఫోటో ఆఫీసు గదిలో పటం కట్టి పెట్టారు. కింద పేరు మార్చమని ప్రతి ఏడూ కొత్త తరగతికి వెళ్లగానే అడిగాను. మేడమ్ ప్రతిసారీ "చూద్దాంలే" అంది. వార్షికోత్సవం సాయంత్రమే అమ్మకు జరిగిందంతా చెప్పాను. మర్నాడు పొద్దున వంటింట్లోంచి ఏడుపు సాధన వినిపించలేదు.

మొన్నటి సమావేశంలో ఇదంతా నెమరేసుకుంటూనే లేచి, తప్పు కంటికి కనిపించే భాష పెట్టమని చెప్పాను. వాదన ఎటూ తేలలేదు. చివరి వరుసలోంచి ఒకతను, "మీరేది పెట్టినా మా అమ్మాయికి వద్దండీ. డ్రాయింగ్‌లోకి మార్చెయ్యండి" అన్నాడు.

"అదేంటి సార్, తను చాలా ఇష్టంగా చేస్తోంది" అంది టీచరమ్మ.

"మా వంశంలో రాదండీ. తర్వాత బాధపడుతుంది" అని అతను బయటకు నడిచాడు. నేను గుర్తుపట్టాను. వెంటే వెళ్లాను. ఇన్నేళ్లుగా మనసులో కూర్చిపెట్టుకున్న మాటలు ఒక్కటి కూడా పోలేదు, అన్నీ వరసగా ఉన్నాయి. అతనే ముందు నవ్వాడు.

"నువ్వు ప్రసన్నవి కదూ? నేను ధీరజ్."

"తెలుసు. పాపను ఎందుకు మానిపిస్తున్నావు?"

"నువ్వు చూశావుగా ఆ రోజు. అంత పెద్ద ముగ్గు వేశాను. నాన్న ఇల్లు అడిగేసరికి కంప్యూటర్ మొండికేసింది, ఒక్క అక్షరం పడలేదు. నువ్వొచ్చి పక్కదాంట్లో చిటికెలో వేసేశావు. అవి కొందరి మాటే వింటాయి. నా మాట వినవు. మళ్లీ ముట్టుకోలేదు నేను."

"ముగ్గు... నువ్వు వేశానంటున్నావా?"

"మరి? రిహార్సల్‌లో కూడా బాగానే వచ్చిందిగా."

నన్ను దోచుకున్నవాళ్లలో ఇతన్ని ముందు నిలబెట్టి ఇన్నేళ్లు తిట్టాను. ఇతనికి తెలుసనే అనుకున్నాను. తెలియకుండా ఎలా ఉంటుందని ఒక్కనాడైనా అనుమానం రాలేదు.

"ధీరజ్, నీ కీబోర్డు తీగ దేనికీ తగిలించలేదు. మడిచి బల్ల కింద టేపు వేసి పెట్టారు. అసలుది తెర వెనక నా ఒళ్లో ఉంది. నీ భుజం చూసి నేను నొక్కాను. ఇల్లు అడిగినప్పుడు నా చేతిలోంచి లాగేసుకున్నారు."

కింద కార్ల దగ్గర డ్రైవర్లు ఏదో జోకుకు నవ్వుకుంటున్నారు.

"నాన్నకి తెలుసా?" అన్నాడు.

"తెలియదనుకుంటా. మేడమ్ పని అది."

"నాన్న పోయేదాకా నాకు ఆఫీసు లెక్క ఒక్కటీ చూపించలేదు. అన్నీ అన్నయ్యకే. 'నీ వల్ల కాదులేరా చిన్నా' అనేవాడు." కింద కార్ల వైపు చూస్తూ, "ప్రేమగానే అనేవాడు" అన్నాడు.

అతను తిరిగి లోపలికి వెళ్లి కూతురి పేరు మళ్లీ చేర్పించి వచ్చాడు. వచ్చి నా ఎదురుగా నిలబడి, కోపం తెచ్చుకోవడం కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా, "మరి నేనిప్పుడు ఎవరి మీద కోప్పడాలి ప్రసన్నా?" అని అడిగాడు.

కోపం సంగతి అడగాల్సిన మనిషినే అడిగాడు, ఇన్నేళ్లు దాన్ని మోసినదాన్ని. కానీ మేడమ్ లేదు, వాళ్ల నాన్న లేడు. ఆ బడి ఉన్న చోట అద్దాల కాఫీ హోటల్ ఉంది, ఆ తాబేలు ఏ బడిలోనూ కనిపించదు. హీరోయిన్ల నోట అమ్మ గొంతు ఆగిపోయి ఎన్నేళ్లో అయింది, యాదమ్మ వాకిలి అపార్ట్‌మెంట్ పార్కింగ్ అయింది. చెప్పడానికి ఒకే ఒక్క పేరు మిగిలింది. అది ఆ రోజు ఒకడుగు ముందుకు వేసి కూడా, ఇతని కన్నీళ్లు చూసి, ఇతని పరువు కోసమే నోరు మూసుకున్న మనిషి పేరు. అది నా నోట రాలేదు.